రెండో ఆటలో చచ్చిందెవరు?

"చివర్లో చచ్చిందెవరు?" అని అడిగింది సార్జెంట్ జోవియా నన్సాంబ.

బల్లకు అవతల కూర్చున్న ఫరూక్ ముత్యాబా అయోమయంగా చూశాడు. నలభై గంటలుగా పోలీసులు అతన్ని అడగని ప్రశ్న లేదు. ఇది మాత్రం కొత్తది.

"కల్యాంగో తాతే కదా, న్యాబో?" అన్నాడు. అమ్మగారిని అక్కడ న్యాబో అంటారు.

"తాత సంగతి కాదయ్యా. సీరియల్లో. 'ఏడో గది' ఆఖరి భాగంలో. శనివారం మూడున్నర ఆటకి వీడియో హాల్లో ఉన్నానన్నావుగా. ఏం చూశావో చెప్పు."

గోడకు ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ బగుమా ముక్కుతో నవ్వాడు. కేసు అతనిది, ఫైలు అతని చంకలోనే ఉంది. శనివారం సాయంత్రం పట్టుకున్నవాణ్ణి నలభై ఎనిమిది గంటల్లోగా కోర్టులో నిలబెట్టాలి కాబట్టి, ఈ సోమవారం నాలుగింటికి బండి కూడా చెప్పి ఉంచాడు. హత్యానేరం మోపాక మెజిస్ట్రేటు బెయిలు మాటెత్తనివ్వడు. లుజిరా జైలుకి పోయినవాడికి విచారణ మొదలయ్యేసరికి రెండు మూడేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. ఫైలు ఒకసారి చూడమని జోవియాకి చెప్పింది పై అధికారి. ఆ సంగతి బగుమాకి రాత్రి నుంచీ మింగుడు పడటం లేదు.

కేసు చూడబోతే చిన్నదే. కల్యాంగో డెబ్బై ఏళ్ళ దర్జీ. శనివారం ఇంట్లోనే, కుట్టుమిషను పక్కన, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తల పగలగొట్టి చంపారు. నాలుగూ పదికి ఆయన ఊళ్ళో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడాడు. ఫోను పెట్టేసింది నాలుగూ పద్నాలుగుకి. నాలుగూ యాభై అయిదుకి కూతురు సాన్యు మార్కెట్ నుంచి వచ్చి చూసేసరికి ప్రాణం పోయి ఉంది. మధ్యలో నలభై ఒక్క నిమిషాలు. ఫరూక్ బోడా నడుపుతాడు, అంటే అద్దె మోటారుసైకిలు. సాన్యుని చేసుకుంటానని గురువారం తాత దగ్గరకి వెళ్ళాడు. తాత అతన్ని వాకిట్లోనే నిలబెట్టి, పేటంతా వినేలా తిట్టి గెంటేశాడు. "నీ సంగతి చూస్తా" అని ఫరూక్ అన్న మాట కూడా పేటంతా విన్నది.

"చెప్పు," అంది జోవియా.

"పోలీసమ్మ తన తమ్ముడే దొంగల ముఠా నాయకుడని కనిపెడుతుంది. వాణ్ణి పట్టుకోవాలా, వదిలేయాలా అని సతమతమైపోతుంటుంది. అప్పుడు వాళ్ళమ్మ ఊరి నుంచి కోడిపెట్టని చంకన పెట్టుకుని వస్తుంది..."

బగుమా ఈసారి నోరు విప్పి నవ్వాడు. "విన్నావా సార్జెంట్? అమ్మట! ఆ సీరియల్లో అమ్మ మొదటి వారమే చచ్చిపోయింది. సమాధి కూడా చూపించారు. దీనికి కోడి ఒకటి!"

"వచ్చింది అఫాండే," అన్నాడు ఫరూక్ మొండిగా, ఆఫీసరుగారు అనే మర్యాద మాత్రం తప్పకుండా. "కోడిని తెచ్చింది. మీ ఇద్దర్లో ఎవరు మంచివాళ్ళయితే వాళ్ళకి కోసి పెడతానంది. అప్పుడు నేను..." అని ఆగి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అప్పుడు నువ్వు?"

"ఏం లేదు. అందరం నవ్వాం, అంతే."

అతను మాట మధ్యలో ఆపేయడం జోవియా గమనించింది గానీ రెట్టించలేదు. "సరే, ముగింపు?"

"ఇద్దరూ ఏడో గదిలోకి పోతారు. తలుపు మూసుకుంటుంది. తుపాకీ పేలుతుంది. తమ్ముడు చచ్చిపోతాడు. పోలీసమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది."

"చాలు," అన్నాడు బగుమా. "సార్జెంట్, ఒకసారి బయటికి రా."

వరండాలో అతను ఫైలు తెరిచాడు. బగుమాకి ఇంట్లో టీవీ ఉంది, దానికి డిష్ ఉంది, ఆ రెండూ ఉన్నాయన్న గర్వం కూడా దండిగా ఉంది. "శుక్రవారం నేను కళ్ళారా చూశాను. తలుపు మూసుకుంటుంది, తుపాకీ పేలుతుంది, తెర మీద మూసిన తలుపే మిగుల్తుంది. అయిపోయింది. ఎవరు చచ్చారో దాన్ని తీసినవాడికి కూడా తెలీదు. మా ఆవిడ తమ్ముడంటుంది, నేను పోలీసమ్మంటాను, రెండ్రోజులుగా ఇంట్లో మాటల్లేవు. వీడికి మాత్రం శవం కనబడిందట, ఒళ్ళో తల కూడా కనబడిందట! వీడు మధ్యదీ చూళ్ళేదు, చివరదీ చూళ్ళేదు. మధ్యలో లేచిపోయి ముసలాణ్ణి చంపొచ్చాడు. ఆ ఖాళీలో అమ్మనీ కోడినీ పెట్టి కుట్టేశాడు."

"మధ్యలో లేచిపోయాడని చెప్పింది ములిండ్వా ఒక్కడేగా?"

"ఒక్కడు చాలడా? పన్నెండేళ్ళుగా కల్యాంగో దగ్గర బట్టలు కత్తిరిస్తున్నవాడు, ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉంటున్నవాడు. అదే ఆటకి వెళ్ళి ఫరూక్ వెనక రెండు బెంచీల అవతల కూర్చున్నాడు. నాలుగింటికి ఫరూక్ లేచిపోవడం, అయిదుంబావుకి చెమటలు కక్కుతూ తిరిగి రావడం చూశాడు. నా దగ్గర సంతకం ఉంది. నీ దగ్గరేముంది? కోడిపెట్ట!"

"హాలు చూసి వస్తాను అఫాండే."

"చూసి రా. పాప్‌కార్న్ కూడా తిను. నాలుగింటికి మాత్రం బండి కదుల్తుంది."

వీడియో హాలు రేకుల షెడ్డు. లోపల పద్దెనిమిది బెంచీలు, ముందు గోడకి తెర, పక్కగా పలకలు కొట్టి కట్టిన చిన్న గూడు. కిటికీలన్నిటికీ మేకులు కొట్టేశారు. లోపలికీ బయటికీ దారి ఒక్కటే, తెర పక్కనున్న తలుపు. జోవియా అయిదో బెంచీ మీద కూర్చుని, లేచి, తలుపు దాకా నడిచి చూసింది. బయటికి పోవాలంటే తెరకు అడ్డంగా పోవాల్సిందే. పోయినవాడి నీడ తెర మీద నిలువెత్తున పడుతుంది, నిండు హాలు తిట్టిపోస్తుంది.

టిక్కెట్లు లేవు. తలుపు దగ్గర డబ్బు తీసుకుని చేతి మీద సిరా గుర్తు వేస్తారు. అది స్నానంతో పోతుంది. కల్యాంగో ఇంటి నుంచి ఆ హాలుకి తను బోడా ఎక్కే వచ్చింది, ఎంతసేపు పడుతుందో చూద్దామని. సందుల్లోంచి కొట్టినా పదిహేను నిమిషాలు.

గూట్లోంచి ఒక మనిషి తల బయటపెట్టాడు. చేతిలో సగం తిన్న చపాతీ చుట్ట, మెడలో మఫ్లరు. పేటలో అతన్ని వీజే ఎన్‌కుబా అంటారు. వానలా మాటలు కురిపిస్తాడని ఆ పేరు. పరాయి భాష సినిమా తెర మీద ఆడుతుంటే, మైకు పట్టుకుని అందరి మాటలూ అతనే వాళ్ళ భాష లుగాండాలో చెబుతాడు. హీరో అతనే, విలనూ అతనే. మధ్యలో చూసేవాళ్ళని ఆటపట్టించేదీ అతనే.

"గొంతు బాగాలేదు న్యాబో," అన్నాడు. "తక్కువ మాట్లాడతాను."

"ఒక్క మాట చాలు. శనివారం మూడున్నర ఆటలో 'ఏడో గది' చివర్లో చచ్చిందెవరు?"

"తమ్ముడు."

"టీవీలో ఎవరూ చావలేదటగా?"

ఎన్‌కుబా చపాతీ పక్కన పెట్టాడు. తక్కువ మాట్లాడతానన్న సంగతి అప్పుడే మరిచిపోయాడు. "అదే కదా న్యాబో దరిద్రం! రెండు గంటలు చెమటలు కారుతూ కూర్చున్న నూట పాతికమందికి తలుపు చూపించి ఇంటికి పొమ్మంటే పోతారా? బెంచీలు విరగ్గొట్టి నా నెత్తిన వేస్తారు. ఎవరు చచ్చారో నేను చెప్పి తీరాలి. అది నా ఉద్యోగం. శుక్రవారం రాత్రంతా ఆ ముక్కని ఇరవైసార్లు వేసుకుని చూశాను. తుపాకీ ఒక్కటే ఉంది, పోలీసమ్మది. కానీ తలుపు మూసుకునే ముందు తమ్ముడి చెయ్యి దాని మీద పడింది. పేలింది ఒక్కసారే. ఆ తర్వాత ఎవరో ఊపిరి పీలుస్తారు. మగ ఊపిరో ఆడ ఊపిరో తేల్చుకోలేకపోయాను."

"మరెలా తేల్చావు?"

"మొదట ఒకలా, తర్వాత ఒకలా. పన్నెండున్నర ఆటకి పోలీసమ్మని చంపేశాను. అబ్బో! ఆడవాళ్ళు ఒకటే ఏడుపు. ఒకావిడైతే కాల్చిన మొక్కజొన్న కండె విసిరింది, ఇదిగో నుదుటి మీద తగిలింది. ఆమెని చంపితే మళ్ళీ ఎవరూ రారని ఓనరు నా మీద కేకలేశాడు. అందుకని మూడున్నర ఆటకి తమ్ముణ్ణి చంపేశాను, వాడి తల అక్క ఒళ్ళో పెట్టించి ఏడిపించాను. ఆదివారం నించీ తమ్ముడే చస్తున్నాడు."

జోవియా పుస్తకం తీసి రాసుకుంది. మొదటి ఆటలో పోలీసమ్మ. రెండో ఆటలో తమ్ముడు. ఫరూక్ చెప్పింది రెండో ఆట ముగింపు. అంటే చివర్లోనైనా అతను హాల్లో ఉన్నాడు. కానీ చివర్లో ఉంటే చాలదు. మధ్యలో వెళ్ళిపోయి మళ్ళీ వచ్చాడనే కదా బగుమా అంటున్నది.

"తల్లి సంగతేమిటి? కోడిపెట్టతో వచ్చిందట."

ఎన్‌కుబా సిగ్గుపడ్డాడు. పెద్ద మనిషి, నలభై దాటినవాడు, మఫ్లరుతో మొహం తుడుచుకున్నాడు. "అది మీ దాకా వచ్చిందా? మూడున్నర ఆట మధ్యలో కరెంటు పోయింది న్యాబో. జనరేటర్లో పెట్రోలు లేదు. తెచ్చేదాకా జనం ఊరుకోరు, డబ్బు వెనక్కివ్వమంటారు. అందుకని నేను చీకట్లోనే కథ నడిపించేశాను. మైకు లేదు, అరుస్తూ చెప్పాను. చెప్పడానికి సరుకు కావాలిగా? చచ్చిపోయిన తల్లిని ఊరి నుంచి దింపాను. చేతిలో కోడిని పెట్టాను. అరగంట నడిచింది. ఈ గొంతు పోయింది దాని వల్లే. కరెంటు రాగానే ఆమె సరుకులు కొనడానికి బజారుకెళ్ళిందని చెప్పి పంపించేశాను."

"మిగతా ఆటల్లో?"

"కరెంటు పోలేదుగా! తల్లి రాలేదు. ఆ ఒక్క ఆటలోనే."

జోవియా పెన్ను ఆపింది. "కరెంటు పోయింది ఎన్నింటికి? అటూ ఇటుగా అని చెప్పకు."

"అటూ ఇటూ ఎందుకు? వినండి." ఎన్‌కుబా జేబులోంచి ఫోను తీశాడు. ప్రతి ఆటా అందులో రికార్డు చేసుకుంటాడు. బాగా పండిన ఆట గొంతుని తర్వాత డిస్కుకి ఎక్కిస్తారు. కరెంటు పోయినా ఫోను ఆగలేదు. శనివారం మూడూ ముప్ఫై రెండుకి మొదలైన రికార్డింగు అది.

నలభై ఎనిమిదో నిమిషంలో సినిమా శబ్దం టక్కున ఆగిపోయింది. ఈలలు, బూతులు. అంటే నాలుగూ ఇరవై. తర్వాత ఎన్‌కుబా గొంతు, మైకు లేకుండా: "కూర్చోండ్రా, కూర్చోండి! అదిగో, తలుపు కొడుతున్నారు. ఎవరొచ్చారు? అమ్మొచ్చింది!" జనం గోల తగ్గింది. కోడి కూత కూడా అతనే కూశాడు.

యాభై ఒకటో నిమిషంలో హాల్లోంచి ఒక గొంతు లేచింది: "ఆ కోడి ఎవరికి, వీజే? నాకేనా?"

వెంటనే ఎన్‌కుబా: "ఎవడ్రా అది, ఫరూకా? నీకు పిల్లనిచ్చేవాడే మొన్న వాకిట్లోంచి గెంటేశాడు, నీకు కోడెవడు కోస్తాడ్రా?"

హాలంతా ఫెళ్ళున నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. జోవియాకి కూడా నవ్వొచ్చింది, వెంటనే ఆ కుర్రాడి మీద జాలీ వేసింది. స్టేషన్లో అతను మొహం తిప్పుకున్నది ఇందుకన్నమాట.

డెబ్బై అయిదో నిమిషంలో, అంటే నాలుగూ నలభై ఏడుకి, అదే గొంతు మళ్ళీ: "కోడి సంగతి తేల్చలేదు వీజే!" మళ్ళీ నవ్వులు. తర్వాత మూడు నిమిషాలకి కరెంటు వచ్చింది.

జోవియా లెక్క వేసింది. నాలుగూ పద్నాలుగు దాకా తాత బతికి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ క్షణంలోనే చంపి బయల్దేరినా హాలుకి వచ్చేసరికి నాలుగూ ఇరవై తొమ్మిది అవుతుంది. ఫరూక్ గొంతు నాలుగూ ఇరవై మూడుకే హాల్లో ఉంది. నాలుగూ నలభై ఏడుకీ ఉంది. ఆ తర్వాత పరిగెత్తినా ఇంటికి చేరేసరికి అయిదు దాటుతుంది, అప్పటికి సాన్యు అరుపులకి పేటంతా అక్కడే ఉంది. మధ్యలో ఇరవై నాలుగు నిమిషాల్లో వెళ్ళి, చంపి, రావడానికి రాకెట్టు కావాలి.

"ఫోను తీసుకుని నాతో రా," అంది.

"ఇవాళ రెండింటికే ఆట ఉంది న్యాబో!"

"ఈ పూట జనానికి తలుపు చూపించమని ఓనరుకి చెప్పు."

వాళ్ళు స్టేషనుకి వచ్చేసరికి మూడూ ఇరవై. ఫరూక్‌కి అప్పటికే బేడీలు వేసి కౌంటరు దగ్గర నిలబెట్టారు. బగుమా రికార్డింగులో ఆ ముక్కలు నిలబడే విన్నాడు. ఫరూక్ బేడీల చేతులతోనే మొహం కప్పుకున్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదురా?" అని కసిరాడు బగుమా.

"నూట పాతికమంది నవ్వారు అఫాండే. మీరు కూడా నవ్వాలా?"

 బగుమా ఈసారి ఎన్‌కుబా మీద విరుచుకుపడ్డాడు. "ఫోన్లో టైము ఎవడైనా మార్చొచ్చు."

"టైము మారిస్తే పేట మొత్తం కరెంటుని కూడా నేనే తీశానా సార్?"

"పక్క మందుల షాపులో అడిగాను అఫాండే," అంది జోవియా. "నాలుగూ ఇరవై నుంచి నాలుగూ యాభై. వాళ్ళ ఫ్రిజ్ ఆగిపోయిందని పుస్తకంలో రాసుకున్నారు. ఫరూక్ కదల్లేదు. కదిలాడని ఒక మనిషి సంతకం పెట్టి చెప్పాడు. ఎందుకు చెప్పాడు?"

"పొరబడి ఉంటాడు. చీకటి..."

"కరెంటు పోయిందని ఆయన స్టేట్‌మెంట్లో ఉందా? చూడండి."

బగుమా ఫైలు తిప్పాడు. రెండు పేజీలూ చదివాడు. మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు. కరెంటు ఊసే లేదు.

"ఇప్పుడే అడుగుదాం. ములిండ్వా ఎక్కడున్నాడు?" అంది జోవియా.

"ఊరికి వెళ్తున్నాడు. శవాన్ని పొద్దున్నే బంధువులు వ్యానులో తీసుకెళ్ళారు, రేపు ఖననం. సాన్యు నా కాగితాల మీద సంతకాలు పెట్టాల్సి ఉండి ఆగిపోయింది. ములిండ్వా ఆ పిల్లని ముసలాయన కార్లో తీసుకెళ్తున్నాడు. ఒంటిగంటన్నరకి బయల్దేరారు."

"వాళ్ళిద్దరేనా?"

"ఇద్దరే."

జోవియా బగుమా ఫోన్లో ములిండ్వా నంబరు నొక్కి, దాన్ని బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా చేసింది. మూడో రింగుకి ఎత్తారు. ఇంజను చప్పుడు వినిపించింది.

"చెప్పండి అఫాండే, డ్రైవింగులో ఉన్నాను. ఫోను స్పీకర్లో పెట్టాను, ఫర్వాలేదు."

"నేను స్టేషన్లో సార్జెంట్‌ని. పని చిన్నదే ములిండ్వాగారూ. కోర్టు కాగితంలో ఒక వాక్యం తక్కువైంది. ఫరూక్ సినిమా కథ తప్పు చెబుతున్నాడు, మీ మాటల్లో సరైనది రాసుకుందామని. చివర్లో చచ్చిందెవరు?"

"అయ్యో, పోలీసమ్మ కదా! తమ్ముడే కాల్చేశాడు. పాపం, హాల్లో ఆడవాళ్ళంతా ఏడ్చారు. ఒకావిడ వీజే మీదకి కండె కూడా విసిరింది."

ఎన్‌కుబా చెయ్యి తనకి తెలియకుండానే నుదుటి మీదకి పోయింది. బగుమా మొహంలో రంగు మారింది. శనివారం ములిండ్వా చూసింది మొదటి ఆట. రెండో ఆట కూడా అలాగే ముగుస్తుందనుకుని, ఆ సమయంలో హాల్లో ఉన్నానని చెప్పేశాడు. రెండో ఆట నడుస్తున్నప్పుడు తానెక్కడున్నాడో అతనికే తెలియాలి.

"మూడున్నర ఆటేగా?" అని మామూలుగా అడిగింది జోవియా.

"మూడున్నరే."

"మధ్యలో ఎక్కడా ఆగలేదుగా?"

"ఎక్కడా లేదు. రెండు గంటలూ ఏకబిగిన నడిచింది."

"సరిపోయింది. థాంక్స్ అండీ. నెమ్మదిగా వెళ్ళండి," అని జోవియా ఫోను వైపు చెయ్యి చాపింది. అతనికి అనుమానం రాకముందే పెట్టేయాలి. దారిలో పోలీసులకి చెప్పి కారు ఆపించాలి. ఇంకొక్క సెకను చాలు.

కార్లోంచి సాన్యు గొంతు వచ్చింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు, అందులో కపటం ఏమీ లేదు.

"అదేంటి బాబాయ్? కరెంటు పోయిందటగా? నిన్న అన్నం తీసుకెళ్తే ఫరూక్ చెప్పాడు, అరగంట చీకట్లోనే కూర్చున్నామని. నువ్వక్కడ లేవా?"

 ఇంజను చప్పుడు నెమ్మదించింది, కారు రోడ్డు దిగుతున్నట్టు.

"సాన్యు!" అంది జోవియా. "సాన్యు, ఆ ఫోను నీ చేతికి తీసుకో..."

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. సాన్యు ఫోనుకి చేస్తే రింగు అవుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"నేనే పంపాను," అన్నాడు బగుమా. "తోడుగా ఉంటాడని నేనే చెప్పి ఎక్కించాను." అతను ఫైలు బల్ల మీద పడేసి, వైర్‌లెస్ సెట్టు అందుకుని కల్యాంగో సొంతూరికి పోయే మసాకా రోడ్డులో ఉన్న ప్రతి స్టేషన్నీ పిలవడం మొదలుపెట్టాడు. ఇంకో చేత్తో జేబులో తాళంచెవి వెతికి ఫరూక్ బేడీలు విప్పాడు.

"అఫాండే, అది సాన్యు గొంతేగా?" అని అడిగాడు ఫరూక్. "ఆ కారు ఎందుకాగింది?"

జోవియా అప్పటికే జీపు వైపు పరిగెడుతోంది. టైము మూడూ నలభై. వాళ్ళు బయల్దేరి రెండు గంటలు దాటింది, కారు ఏ ఊరు దాటిందో స్టేషన్లో ఎవరికీ తెలియదు.